ఎముకల మడి

రాళ్ళవాగుపాడు నీళ్ళాఫీసులో కెమిస్టుగా చేరిన తొమ్మిదో ఏట, ఒక గురువారం పొద్దున సలోమి మూడో మడి నీళ్ళు పరీక్షించింది. ఫ్లోరైడు సున్నా పాయింటు ఏడు. ఆమె నమ్మలేదు. గాజు గొట్టం కడిగి మళ్ళీ చూసింది. అంతే ఉంది. మీటరు మీద అనుమానమొచ్చి, బయటికెళ్ళి బోరు నీళ్ళు పట్టుకొచ్చి పెట్టింది. ఐదు పాయింటు రెండు చూపించింది. మీటరులో తప్పేమీ లేదు. ఒకటిన్నర దాటిన నీళ్ళు తాగకూడదంటారు. వెలిగొండల పక్కనున్న ఆ చిన్న పట్నం మూడు తరాలుగా ఐదు తాగుతోంది.

తాగినందుకు గుర్తులు వీధివీధికీ ఉన్నాయి. పిల్లల పళ్ళ మీద తుప్పు చారలు. నలభై దాటినవాళ్ళు కూచుంటే ఓ పట్టాన లేవలేరు. యాభై దాటినవాళ్ళలో కొందరు పూర్తిగా ముందుకు వంగిపోయి, ఎదుటి మనిషిని కాళ్ళ చెప్పుల్ని బట్టి గుర్తుపడతారు.

సలోమి కోటు చేతులు పైకి మడిచి, సిమెంటు తొట్టి గట్టు మీద మోకరించింది. తొట్టి నిండా వరసగా పలకలు దించి ఉన్నాయి. పచ్చగా లేకపోయినా, చూడటానికి నారుమడిలా ఉందని ఆఫీసు పనివాళ్ళు దాన్ని మొదటిరోజు నుంచీ మడి అనే అంటున్నారు. ఆమె ఒక పలకను మెల్లగా పైకి తీసింది. బీరపీచులా అల్లుకుని, లేత గులాబీ రంగులో, తడితడిగా ఉంది. అది బతికున్న ఎముక.

ఫ్లోరైడుకు ఎముకంటే ప్రాణం. ఒంట్లోకి వెళ్ళిందంటే నేరుగా పోయి ఎముకనే పట్టుకుంటుంది. మనుషుల ఎముకల్లోకి పోయేదాన్ని ముందే తొట్టిలోని ఎముకలోకి మళ్ళిస్తే సరిపోతుంది కదా అన్నది సలోమి ఆలోచన. పశువుల ఎముకలు కాల్చి, ఆ బొగ్గుతో నీళ్ళు వడకట్టడం పాత పద్ధతే. కానీ బొగ్గు చచ్చిన ఎముక. మూడు నెలలకు నిండిపోతుంది, ఇక పనికిరాదు. బతికున్న ఎముక అలా కాదు. నిండిన పొరను తనే రాల్చేసి కొత్త పొర వేసుకుంటుంది. మడి అడుగున చేరిన తెల్లటి ఇసుకను వారానికోసారి తోడేస్తే చాలు.

చిక్కల్లా ఆ ఎముకను బతికించడంలోనే వచ్చింది. సలోమి తన తుంటి నుంచి తీయించుకున్న కణాలు పద్దెనిమిది రోజులకు చచ్చిపోయాయి. ఆఫీసు నడిపే ఇంజినీరు, డి.ఈ. రహంతుల్లాగారివి ఇరవై రోజులున్నాయి. మొత్తం పదకొండు మందివి అలాగే పోయాయి. పన్నెండో మనిషి కణాలు ఇవి. వేసి ఆ రోజుకి నలభై మూడు రోజులు.

ఆ పన్నెండో మనిషి ఆదెమ్మ. నీళ్ళాఫీసులో ఊడ్చే మనిషి. యాభై నాలుగేళ్ళొచ్చినా తాటిచెట్టులా నిటారుగా నడిచేది. పదిహేనో ఏట కాపరానికొచ్చి అదే బోరు నీళ్ళు తాగింది. ఆమె భర్త పెంచలయ్య అవే నీళ్ళు తాగి కొడవలిలా వంగిపోయాడు. ముందటి వానాకాలం ఆదెమ్మ పంపుహౌసు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసిన డాక్టరు, చూడ్డానికొచ్చిన సలోమితో, "ఈమెది మీ ఊరు కాదా? ఏటి ఒడ్డున పెరిగిన మనిషి ఎముకలా ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాట సలోమిని వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఆదెమ్మ ఎముకకు నిండినదాన్ని నిండినట్టే వదిలించుకునే గుణముంది. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

అడగడానికి వెళ్ళినప్పుడు ఆదెమ్మ పంపుహౌసు మెట్ల మీద కూచుని చీపురు బిగిస్తోంది. అంతా విని, "నా తుంట్లోంచి కాసింత తీసి తొట్లో మొలకేస్తావు. దాంట్లోంచి పోయిన నీళ్ళు ఊరు తాగుద్ది. అంతేనామ్మా?" అంది.

"అంతే పెద్దమ్మా."

"మా పేటోళ్ళ చేత్తో గ్లాసు నీళ్ళిస్తే పుచ్చుకోని ఇళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉండయ్యి. నా ఎముకలు కడిగిన నీళ్ళు తాగుతారంటావా?"

సలోమి పుట్టిందీ పక్క మండలంలో అలాంటి పేటలోనే. ఆదెమ్మే చీపురు నేలకేసి రెండుసార్లు తట్టి, "సరేలే. తాగేదీ మానేదీ వాళ్ళిష్టం. ఇచ్చేది నా ఇష్టం గదా. తీసుకో" అంది.

రహంతుల్లాగారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టుండే మనిషి. పాతికేళ్ళ సర్వీసులో ఆయన కట్టించిన ట్యాంకు ఒక్కటీ కారలేదని పేరు. సలోమి ఆయనతో, "ఎముక సంగతి బయటికి చెప్పకుండా చేద్దాం సార్. నీళ్ళు బాగుంటే జనానికి చాలుగా" అంది.

"చాలదమ్మా" అన్నాడాయన. "దాచి ఇచ్చిన నీళ్ళు బయటపడేదాకానే తాగుతారు. బయటపడిన తరవాత ఈ ఆఫీసు నుంచి మంచినీళ్ళొచ్చినా ముట్టుకోరు."

గేటు పక్కన బోర్డు పెట్టించాడు. ఈ నీళ్ళు బతికున్న మనిషి ఎముక కణాల గుండా వస్తున్నాయనీ, ఆ మనిషి ఇష్టపడే ఇచ్చారనీ, పేరు అడగవద్దనీ, వద్దనుకునే ఇళ్ళకు ట్యాంకరుతో వేరే నీళ్ళు పంపుతామనీ అందులో ఉంది. మొదటి నెల సగం ఊరు ట్యాంకరు దగ్గరే నిలబడింది. రహంతుల్లాగారు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ట్యాంకరు ఒక్కరోజు కూడా ఆలస్యం కానివ్వలేదు. పక్కింటివాళ్ళు తాగి బాగానే ఉన్నారని చూశాక, వరసలు కొంచెం కొంచెంగా తగ్గాయి. పేరు దాచినా చిన్న ఊరు గదా, నెల తిరక్కముందే అందరికీ తెలిసిపోయింది. తెలిసీ ఎవరూ నోరెత్తి అనలేదు. బజారు వీధిలో పెద్ద అరుగుల ఇంటావిడ మాత్రం, ఓ రోజు ఆదెమ్మ వీధిలో పోతుంటే గుమ్మంలోంచి పిలిచి, "సూది పొడిచిన చోట నెప్పెడుతోందా?" అని అడిగి, జవాబు వినకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

మొత్తం ఎనిమిది మళ్ళు కట్టారు. అందులో నాలుగే పనిచేసేవి. మిగతా నాలుగింటికి పదిహేను రోజులు సెలవు. పొలాన్ని బీడు పెట్టినట్టు వంతులు మార్చేవారు. ఎనిమిదీ ఒకేసారి నడిపితే తూర్పు వార్డులకు కూడా నీళ్ళివ్వొచ్చని సలోమి ఎన్నిసార్లు చెప్పినా రహంతుల్లాగారు వినలేదు.

"ఇవాళ ఇచ్చి ఎల్లుండి ఆపేస్తే దాన్ని నీళ్ళివ్వడం అనరు" అనేవాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కణాలు పెరిగి పెరిగి అలసిపోతాయి. అప్పుడు ఆదెమ్మ తుంటి నుంచి కొత్త విత్తనం తీయాలి. ఆరు నెలలకు ఒకసారి మించి తీయకూడదని డాక్టరు రాసిచ్చాడు.

రెండుసార్లు తీశారు. రెండుసార్లూ ఆదెమ్మ మర్నాడే చీపురు పట్టింది. ఇంతలో ఉగాదికల్లా తూర్పు వార్డులకు నీళ్ళిస్తామని మునిసిపల్ ఛైర్‌పర్సన్ సభలో ప్రకటించింది. అక్కడి మూడు వేల ఇళ్ళు ఇంకా బోరు నీళ్ళే తాగుతున్నాయి. సలోమి ఒక మధ్యాహ్నం అక్కడి బడికి వెళ్ళి పిల్లల మూత్రం నమూనాలు తీసుకుంది. అంకెలన్నీ హద్దు దాటి ఉన్నాయి. ఒక ఏడు పోతే ఆ పిల్లల మోకాళ్ళు ఏమవుతాయో ఆమెకు తెలుసు.

రహంతుల్లాగారు మీటింగులకని వారం రోజులు విజయవాడ వెళ్ళాడు. సలోమి ఆదెమ్మను జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బెంచీ మీద కూచోబెట్టి, "ఇంకా ఆరు నెలలు కాలేదు పెద్దమ్మా. అయినా..." అని ఆగింది.

"తూర్పు వార్డులకేనా?"

"ఆ."

"పద మరి."

లోపల డాక్టరు, "పోయినసారి తీసి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు.

"ఆరు నెలలు" అంది సలోమి. నాలుగే అయింది.

మూడు వారాల తరవాత ఒక పొద్దున ఆదెమ్మ ఐదో మడి ఇసుక తోడి, గరిటె పక్కన పెట్టి లేవబోయి, లేవలేక గట్టు మీద ఒరిగిపోయింది. అరవలేదు. పైపు తుడుస్తున్న లైనుమన్ చూసి పరిగెత్తుకొచ్చేసరికి ఆమె పెదవి కొరుక్కుని, గట్టు అంచు రెండు చేతులా పట్టుకుని ఉంది. సూది దిగిన చోటే తుంటి ఎముక చీలింది.

ఆసుపత్రి వార్డులో మంచం పక్కన పెంచలయ్య స్టూలు మీద కూచున్నాడు. సలోమి వచ్చి నిలబడితే తల ఎత్తలేక, కాళ్ళకేసి చూసి, "ఎవురూ, సలోమమ్మా?" అన్నాడు.

"నేనే పెదనాన్నా." తడబడుతూ మొదలుపెట్టి, ఆపకుండా చెప్పేసింది. "డాక్టరుకి ఆరు నెలలని చెప్పాను. నాలుగే. అబద్ధం చెప్పాను. ఇది నా వల్ల అయింది."

మంచం మీంచి ఆదెమ్మ అంది. "నెప్పి నాకు తెలుస్తానే ఉందమ్మా, రెండోసారి నుంచే. చెబితే ఆపేస్తావని చెప్పలా. మా చెల్లెలి మనవరాళ్ళు తూర్పు వార్డులోనే ఉండారు." చూపు సలోమి మీదికి తిప్పింది. "అయినా అడగాల్సింది నువ్వు. నే చెప్పకపోయినా నువ్వు అడగాల. చదువుకున్నదానివి."

"అడగాల్సింది పెద్దమ్మా."

"ఇంక ఆమె ఒంట్లోంచి గుండుసూదంత గూడా తియ్యబాకండి" అన్నాడు పెంచలయ్య నేలకేసి చూస్తూనే. "మా ఇంట్లో ఒకరం ఇచ్చేశాం. చాలు."

సలోమి ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చి చెప్పిందంతా విని, రహంతుల్లాగారు కిటికీలోంచి మళ్ళకేసి చూశాడు. ఆయన కోప్పడితే బాగుండుననుకుంది సలోమి.

"మెమో ఇస్తున్నా. సర్వీసు రిజిస్టరులో ఎక్కుతుంది" అన్నాడు చివరికి. "ఇంక ఆదెమ్మ నుంచి తీసేది లేదు. ఉన్న వార్డులకు నీళ్ళు ఆగడానికి వీల్లేదు. తూర్పు వార్డులకు ఉగాదికి ఇవ్వలేం. ఆ సంగతి వాళ్ళు పేపర్లో చదివి తెలుసుకోకూడదు. మనిద్దరమే పోయి చెబుదాం. పద."

బడి ఆవరణలో రెండొందల మంది ముందు నిలబడి రహంతుల్లాగారు జరిగినదంతా చెప్పాడు. తన భాగం సలోమి చెప్పింది. చంకలో బిడ్డతో ఉన్న ఒకామె, "మరి మా పిల్లలు ఎన్నాళ్ళు తాగాలయ్యా ఆ ఇసం?" అని అరిచింది. "రేపట్నుంచి తాగొద్దమ్మా. తాగడానికీ వంటకీ ఇంటికి రెండు బిందెలు, సాగర్ నీళ్ళు ట్యాంకర్లలో తెప్పిస్తున్నా. కుళాయి ఎప్పుడిస్తానో ఇప్పుడు చెప్పలేను. తెలిసిన రోజున మళ్ళీ ఇక్కడికే వచ్చి చెబుతా" అన్నాడాయన. జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మర్నాడు ఆరింటికల్లా ట్యాంకర్లు వచ్చాయి.

వంతుల ప్రకారం నాలుగేసి మళ్ళకు ఇచ్చిన సెలవులు ఊరిని కాపాడాయి. అలసిపోని పలకలు వాటిలో మిగిలి ఉన్నాయి. లేకపోతే ఆ వేసవికే ఊరు మళ్ళీ బోరు పాలయ్యేది. అయినా లెక్క వేస్తే, మూడోసారి తీసిన విత్తనంతో కలిపినా అవి వచ్చే సంక్రాంతి దాకా రావు. పనిచేసే పలకల్లో అప్పటికే బొక్కలు పడుతున్నాయి. బొక్కల్లోంచి నీళ్ళు శుద్ధి కాకుండానే జారిపోతున్నాయి. సలోమి ఆ బొక్కలు పూడ్చడానికి, మొదట్లో తన తుంటి నుంచి తీసి గడ్డకట్టించి విడిగా దాచిన కొన్ని కణాల్ని తెచ్చి అతికించింది. పద్దెనిమిది రోజులుంటాయి, ఈలోగా ఏదో ఒకటి ఆలోచించవచ్చు అనుకుంది.

పద్దెనిమిదో రోజు పలక తీసి చూసింది. బతికే ఉన్నాయి. ముప్పయ్యో రోజూ ఉన్నాయి. నలభయ్యో రోజున సూక్ష్మదర్శినిలో చూస్తే, తన కణాలు అచ్చం ఆదెమ్మ కణాల్లాగే నిండిన పొరను రాలుస్తున్నాయి. ఆదెమ్మ కణాల సరసన పెరిగి, వాటి నుంచి ఏదో రసం అందుకుని, ఆ విద్య నేర్చుకున్నాయి. నేర్చుకున్నవాటి పక్కన వేసినవి మళ్ళీ వాటి నుంచి నేర్చుకుంటున్నాయి. సలోమి రహంతుల్లాగారి గదికి పరిగెత్తింది. "సార్, ఇంక ఒక్కరి నుంచే తీయక్కర్లేదు. ఎవరివైనా సరే పనికొస్తాయి. అరవై మంది ఒక్కొక్కసారి ఇస్తే చాలు, ఎనిమిది మళ్ళూ నడుస్తాయి."

ఆఫీసులో తొమ్మిది మంది ఇచ్చారు. అందరికంటే ముందు రహంతుల్లాగారే బల్ల మీద పడుకున్నాడు. కణాలిచ్చేవాళ్ళు కావాలని పాత బోర్డు పక్కన ఇంకో బోర్డు పెట్టారు. తొమ్మిది రోజులు గడిచినా ఊళ్ళోంచి ఒక్క మనిషి రాలేదు. బోర్డు ముందు ఆగి చదువుతున్నారు, తుంటి తడుముకుంటున్నారు, ఆదెమ్మ మంచాన పడిన సంగతి ఒకరికొకరు చెప్పుకుని కదిలిపోతున్నారు. వాళ్ళ భయానికి కారణం తనేనని సలోమికి తెలుసు.

పదో రోజు పెంచలయ్య వచ్చాడు. అరగంట నడిచొచ్చి గేటు పట్టుకుని రొప్పుతున్నాడు.

"నా వంకర ఎముక పనికొస్తదా?"

"వంకరకీ కణాలకీ సంబంధం లేదు పెదనాన్నా. కానీ ఇంట్లో ఒకరిచ్చారు చాలన్నావు గదా..."

"అన్నా." స్టూలు మీద కూలబడ్డాడు. "ఈ ఊళ్ళో బోర్లు ఇరవై రెండు. పదిహేడు నేనేసినయ్యే. రిగ్గు మీద పని నాది. మొదటి బోరులో నీళ్ళు పైకి చిమ్మినరోజు నా మెళ్ళో దండేసి, బండెక్కించి వీధులెంట తిప్పారు. మా ఆడదాన్ని గూడా ఎక్కించారు పక్కన. ఆ నీళ్ళు ఇట్టా చేస్తయ్యని ఎవురికి తెలుసు? నేను పైకి తెచ్చినదాన్ని ఇన్నాళ్ళూ ఆమె కడగతా ఉంది. ఇంక నేను కడుగుతా. తియ్యి."

బోర్లా పడుకోబెడదామంటే ఆ నడుము బల్లకు ఆనలేదు. డాక్టరు, నర్సు, సలోమి కలిసి దిండ్లూ దుప్పట్లూ పేర్చి, పక్కకు ఒత్తిగిలబెట్టి, చంటిపిల్లాడిని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. సూది దిగుతుంటే పెంచలయ్య, "బోరు మోటారు బాగానే లాగుతుందే" అన్నాడు. నర్సు నవ్వాపుకోలేకపోయింది.

అక్కడితో ఆగలేదాయన. మర్నాటి నుంచి నీటి పన్ను కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని కూచున్నాడు. వరసలో నిలబడ్డవాళ్ళను చెప్పుల్ని బట్టి పేరు పెట్టి పిలిచేవాడు. "నాగూరూ, ఇట్రా. అరవై నాలుగేళ్ళోణ్ణి, వంగిపోయినోణ్ణి, నేనిచ్చి కూచున్నా. నీకేం రోగం? ఒక్కసారేనంట. రెండోసారి అడిగితే నేనే అడ్డం పడతా." దర్జీ నాగూరు ఇచ్చాడు. బడి పంతులమ్మ ఇచ్చింది. తూర్పు వార్డు నుంచి, ఆ రోజు చంకలో బిడ్డతో అరిచిన రాజేశ్వరి మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది, ఇద్దరూ ఇచ్చారు. పెద్ద అరుగుల ఇంటావిడ కొడుకు తల దించుకుని వచ్చాడు. ప్రతి ఒక్కరినీ సలోమి తనే కూచోబెట్టి, నెప్పి గురించి రెండుసార్లు అడిగింది, వారం తరవాత ఇంటికెళ్ళి మూడోసారి అడిగింది.

వానలు మొదలయ్యేసరికి అరవై నాలుగు మందయ్యారు. రహంతుల్లాగారు అన్నట్టే బడి ఆవరణకు వెళ్ళి తేదీ చెప్పాడు. ఆ తేదీకి తూర్పు వార్డుల కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. అంతకుముందే, ఎనిమిది మళ్ళూ సెలవు లేకుండా ఒకేసారి నడపవచ్చు గదా అని ఛైర్‌పర్సన్ అడిగితే, ఈసారి కాదన్నది సలోమే. ఇంకో నాలుగు మళ్ళు కట్టించి, ఎనిమిది నడుస్తుంటే నాలుగింటికి సెలవు దొరికేలా ఎప్పటిలాగే వంతులు పెట్టింది.

ఆదెమ్మ తుంటి అతుక్కుంది గానీ సరిగా అతుక్కోలేదు. కర్ర పట్టింది. ఆ వయసుకీ తాటిచెట్టులా నిటారుగా నడిచిన మనిషి ఎడమపక్కకి ఒరిగి నడుస్తుంటే, సలోమి ఏ రోజూ చూపు తిప్పుకోలేదు, చూడటం తన బాధ్యత అనుకుంది. ఊడ్చే పని మాన్పించి, రహంతుల్లాగారు ఆదెమ్మకు మళ్ళు కనిపెట్టుకునే పని ఇచ్చాడు. ఏ పలక నీరసంగా ఉందో మీటరు కంటే ముందు ఆమె కన్నే పట్టేది.

రెండేళ్ళ తరవాత పెంచలయ్య జ్వరంతో పోయాడు. పదకొండో రోజు దాటాక ఆదెమ్మ పనిలోకి వచ్చింది. సలోమి ఒక కాగితం పట్టుకుని ఆమె దగ్గరికెళ్ళింది. ఇచ్చిన మనిషి పోతే ఇంటివాళ్ళను అడిగి తీరాలని రహంతుల్లాగారు పెట్టిన నియమం.

"పెద్దమ్మా, పెదనాన్న కణాలు ఆరో మడిలో పన్నెండు పలకల్లో ఉన్నాయి. తీసెయ్యమంటే తీసి నీకు అప్పగిస్తాం. ఆయన పక్కనే పూడ్చుకోవచ్చు. ఉండనిమ్మంటే ఉంచుతాం."

ఆదెమ్మ కర్ర ఆనించి ఆరో మడి గట్టు మీద కూచుంది. "బతికుండాడా దాంట్లో?"

"ఆయన లేడు పెద్దమ్మా. ఆయన ఎముక కణాలు బతికున్నాయి."

"పైకి తియ్యి, చూస్తా."

సలోమి పలక తీసి పట్టుకుంది. నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆదెమ్మ దగ్గరికి వంగి చూసింది. "ఏది ఆయనది?"

"విడదీసి చూపలేను. కలిసిపోయినయ్యి."

"ఎవురెవురియ్యి?"

సలోమికి ఆ పలక కంఠతా వచ్చు. "నీవి. నావి. దర్జీ నాగూరువి. తూర్పు వార్డు రాజేశ్వరివి. అరుగుల ఇంటావిడ కొడుకువి. పెదనాన్నవి."

ఆదెమ్మ ముక్కు మీద వేలేసుకుంది. నవ్వో ఏడుపో తెలియని శబ్దం వచ్చింది ఆమె గొంతులోంచి. "మడుసులుగా ఉన్నప్పుడు ఒక్క అరుగు మీద కూచోలేదమ్మా వీళ్ళు."

కొంగుతో ముఖం తుడుచుకుని, కాగితం అందుకుని, "ఉండనీ" అన్నచోట మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. "పనిలో ఉన్న మనిషిని మధ్యలో లేపితే ఆయనకు కోపం" అంది. కర్ర అందుకుని లేచి నిలబడి, ఇంకా పలక పట్టుకునే ఉన్న సలోమిని గదమాయించింది.

"దించమ్మా, దించు. ఎండ తగిల్తే ఎండిపోరూ?"